గుడిలో కెమెరా

(గంపలగూడెంలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, లైఫ్ సర్టిఫికెట్ల గురించీ నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నాకు అప్పగించిన అంశం వేరు. కిందటిసారి మనవాళ్ళు బస్సు కట్టించుకొని యాత్రకు వెళ్ళినప్పుడు ఒక గుళ్ళో ఫొటోల దగ్గర చిన్న రగడ అయింది. ఆ గుడి పేరు ఇక్కడ అనవసరం. మన సభ్యుడొకరు మండపంలో స్తంభాన్ని ఫొటో తీస్తుంటే ఫ్లాషు వెలిగింది. లోపల అభిషేకం జరుగుతోంది. అర్చకస్వామి కేకవేశారు, కాపలా మనిషి వచ్చి ఫోను లాక్కున్నాడు. మనవాడు "బోర్డు ఎక్కడుంది, చూపించు" అని పట్టుపట్టాడు. బోర్డు నిజంగానే లేదు. అరగంట తర్వాత ఫోను తిరిగి ఇచ్చారు గాని అందులోని ఫొటోలన్నీ తుడిచేశారు. వాటితోపాటు మనవరాలి అన్నప్రాశన ఫొటోలూ పోయాయి. తప్పెవరిదని మన సంఘంలో ఇప్పటికీ రెండు పక్షాలున్నాయి. కెమెరా పట్టిన చెయ్యి కదా, గుడిలో ఫొటో తీయవచ్చునో లేదో, తీస్తే ఎట్లా తీయాలో నువ్వే చెప్పు అని కార్యదర్శిగారు నా మీద పెట్టారు.

ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళు రాసినవాణ్ణి కనుక ముందు రూలు సంగతి చెప్పుకుంటే నాకు స్థిమితంగా ఉంటుంది.

పాత కట్టడాలన్నీ ఒకే శాఖ కింద లేవు. ఉండవల్లి గుహలు, లేపాక్షి, హనుమకొండ వేయిస్తంభాల గుడి, పాలంపేట రామప్ప గుడి, ఇవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. వీటికి 1958 నాటి చట్టం, 1959 నాటి నిబంధనలు ఉన్నాయి. చేత్తో పట్టుకొని తీసే కెమెరాకు ఒక దారి, స్టాండు వేసి, లైట్లు పెట్టి తీసేదానికి ఇంకో దారి. రెండోదానికి ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. 2018 జూలైలో ఢిల్లీలో ఆ శాఖ కొత్త భవనాన్ని ప్రారంభిస్తూ ప్రధానమంత్రి, ఆకాశం నుంచి ఉపగ్రహాలు అన్నీ చూస్తున్న రోజుల్లో ఇంకా ఫొటో తీయరాదనే బోర్డులేమిటని అడిగారు. ఆ తర్వాత ఆ శాఖ చాలాచోట్ల ఉన్న ఆంక్ష తీసేసింది. అప్పుడు కూడా అజంతా చిత్రాలకు, తాజమహలు లోపలి సమాధి గదికి, లేహ్ కోటకు మినహాయింపు పెట్టారు.

దేవాదాయ శాఖ గుళ్ళ సంగతి వేరు. అక్కడ ఆ దేవస్థానం పద్ధతే చెల్లుతుంది. తిరుమలలో కెమెరా, సెల్‌ఫోను లోపలికి తీసుకుపోనివ్వరని మనకందరికీ తెలుసు. పక్క రాష్ట్రంలో 2022 డిసెంబరులో మద్రాసు హైకోర్టు తమిళనాడు గుళ్ళన్నింటిలోనూ సెల్‌ఫోన్లను నిషేధించమని ఉత్తర్వు ఇచ్చింది. లేపాక్షి వంటిచోట రెండు ధర్మాలూ కలిసి నడుస్తాయి. మండపం పురావస్తు శాఖది, గర్భాలయంలో పూజ అర్చకులది. మండపంలో తీసుకోనిచ్చారు గదా అని కెమెరాతోనే గడప దాకా వెళ్ళడం కుదరదు.

నిషేధమంతా భక్తివల్లనే ఉంటుందని కూడా అనుకోనక్కరలేదు. రోములో పోపుగారి సిస్టైను ప్రార్థనాలయంలో ఫొటోలు తీయనివ్వరు. ఆ కట్టుబాటుకు మూలం 1980లో మొదలైన చిత్రాల మరమ్మతు. దానికి డబ్బు పెట్టిన జపాను టెలివిజన్ కంపెనీకి ఫొటోల హక్కు రాసి ఇచ్చారు. ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. కట్టుబాటు మాత్రం మిగిలింది. ఆఫీసుల్లో పనిచేసిన మనకు ఇందులో వింతేమీ కనబడదు. ఒకసారి పడ్డ సర్క్యులరు దాని కారణం కంటే ఎక్కువకాలం బతుకుతుంది.

కనుక బోర్డు ఉందా లేదా అన్నది పూర్తి జవాబు కాదు. బోర్డు లేకపోతే అడగాలి. చెప్పులు విడిచాక, కెమెరా సంచిలోంచి బయటికి తీయకముందు అడగాలి. "స్వామీ, మండపంలో స్తంభాలు తీసుకోవచ్చునా, గర్భాలయం వైపు తిప్పను" అంటే నూటికి తొంభైమంది అర్చకులు సరేనంటారు. కాదంటే కాదు. మూలవిరాట్టును తీయవద్దనడంలో నాకెప్పుడూ కష్టం తోచలేదు. ఒక పెద్ద అర్చకులు నాతో, గుడికి రాలేనివాళ్ళ కోసమే గదయ్యా ఉత్సవమూర్తి వీధుల్లోకి వచ్చేది, ఆయన్ను తీసుకో అన్నారు. అంతకంటే చక్కని జవాబు నేను వినలేదు. మన నెమలి వేణుగోపాలస్వామి దగ్గర తిరునాళ్ళ రోజు క్యూలో ఒకడు ఫోను పైకెత్తితే వెనకున్న పదిమందికి స్వామి బదులు ఆ ఫోను కనబడుతుంది. శాస్త్రం దాకా పోనక్కరలేదు, ఈ ఒక్క కారణం చాలు.

కొందరు తెలివిగా, ఎవరికీ కనబడకుండా తీస్తారు. 2025 జనవరిలో అయోధ్య రామమందిరంలో కెమెరా అమర్చిన కళ్ళజోడు పెట్టుకొచ్చి ఫొటోలు తీస్తున్న వ్యక్తిని భద్రతా సిబ్బంది పట్టుకున్నారు. అది దొంగచాటు. నేను మాట్లాడబోయేది దాని గురించి కాదు. అనుమతి ఉన్నచోట, పక్కన జపం చేసుకుంటున్న మనిషి కళ్ళు తెరవనవసరం లేకుండా తీయడం ఎట్లాగో చెప్పాలని నా ఉద్దేశం. అది చేతనైతే అనుమతి కూడా సులువుగా వస్తుంది, మన వెనక వచ్చేవాళ్ళకూ వస్తుంది.

ఫ్లాషు మొదటి శత్రువు. ఒక్క మెరుపుకే గోడమీద రంగు పోతుందని నేను చెప్పను. కాని రోజుకు వెయ్యిమంది వచ్చేచోట ఎవరి ఒక్క మెరుపు అని లెక్కవేస్తాం? దానికంటే ముఖ్యం, ఫ్లాషుతో ఫొటో బాగా రాదు. దాని వెలుగు పది పదిహేను అడుగులకు మించి పోదు. ఎదురుగా కొట్టిన వెలుగులో శిల్పం బిళ్ళలాగా చదునైపోతుంది. రామప్ప గుడి మండపంలోని నల్లరాతి స్తంభాలు అద్దంలా నునుపు చేసినవి. వాటిమీద ఫ్లాషు కొడితే ఫొటోలో తెల్లని మచ్చ ఒకటి మిగులుతుంది, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన పనితనం మిగలదు. మీ ఫోనులో ఫ్లాషు గుర్తు పక్కన "ఆటో" అని ఉంటుంది. మన సభ్యుడి కొంప ముంచింది అదే. ఆటో అంటే చీకటి చూసి అదే వెలుగుతుంది, మిమ్మల్ని అడగదు. బస్సు దిగకముందే దాన్ని పూర్తిగా ఆపెయ్యండి. టక్కుమనే శబ్దాన్ని కూడా ఆపెయ్యండి. మీకు చేతకాకపోతే మనవణ్ణి అడగండి, అర నిమిషం పని.

ఇక చీకట్లో చెయ్యి కదలకుండా తీయడం. నేను 1981లో బెజవాడలో పాతది ఒక యాషికా ఎలక్ట్రో 35 కొన్నాను. జపాను కెమెరా. దానిలో రెండు చిన్న దీపాలుండేవి. వెలుతురు మరీ ఎక్కువైతే ఎర్రది, తక్కువైతే పసుపుది వెలిగేది. పసుపుది వెలిగిందంటే షట్టరు నెమ్మదిగా పడుతుంది, నీ చెయ్యి కదిలితే బొమ్మ చెదురుతుంది అని హెచ్చరిక. గుళ్ళల్లో ఎప్పుడూ పసుపు దీపమే. నాలుగువందల ఏ.ఎస్.ఏ. ఫిల్ము వేసినా సెకనులో పదిహేనో వంతు, ఎనిమిదో వంతు పడేది. స్టాండు వేయరాదు. రోలుకు ముప్పై ఆరు ఫొటోలు, ఫిల్ము ధర, కడిగించే ఖర్చు, గుమాస్తా జీతం. కనుక కదలకుండా నిలబడడం నేర్చుకోక తప్పలేదు.

ఆ ఉపాయాలు ఫోనుకు కూడా పనికొస్తాయి. స్తంభానికి వీపు ఆనించండి, వీలైతే భుజం కూడా. మోచేతులు రెండూ పక్కటెముకలకు అదుముకోండి. ఫోనును రెండు చేతులా పట్టుకోండి. ఒంటిచేత్తో చాచి పట్టుకొని తెరమీద పొడిస్తే పొడిచిన దెబ్బకే కదులుతుంది. పక్కనున్న శబ్దం బొత్తాన్ని మెల్లగా అదిమితే చాలా ఫోన్లలో ఫొటో పడుతుంది. లేదా రెండు మూడు సెకన్ల టైమరు పెట్టుకోండి. తుపాకి కాల్చేవాళ్ళలాగా ఊపిరి బిగపట్టమని పుస్తకాల్లో రాస్తారు. మన వయసులో, మన బి.పి.లతో ఆ బిగపట్టడాలు వద్దు. ఊపిరి వదిలాక వచ్చే చిన్న నిలకడలో వరసగా మూడు తీయండి. మొదటిది నొక్కడంలో కదులుతుంది, మూడోది వదలడంలో కదులుతుంది, సాధారణంగా నడిమిది నిలుస్తుంది. చేతులు వణికేవాళ్ళు కింద కూర్చొని మోకాళ్ళమీద మోచేతులు ఆనించుకోండి. గుడిలో కింద కూర్చున్న ముసలివాణ్ణి ఎవరూ అనుమానించరు, ఇది మనకు మాత్రమే ఉన్న సౌకర్యం.

ఇంకొక చిట్కా ఉంది. కెమెరా అడుగున స్టాండు బిగించే మర ఉంటుంది గదా, ఆ మరకు సరిపోయే బోల్టు ఒకటి బిగించి, దానికి బారెడు దారం కట్టి, దారం కొస కాలికింద తొక్కిపట్టి కెమెరాను పైకి లాగి పట్టుకుంటే కిందికీ మీదికీ ఊగదు. స్టాండు కాదు గనుక ఎవరికీ అడ్డం లేదు. జేబులో పడుతుంది. నేను చాలా ఏళ్ళు మొలతాడు ముక్కతోనే నడిపాను.

ఇప్పటి ఫోన్లలో రాత్రి ఫొటో అని ఒక పద్ధతి ఉంది. అది ఒక్క ఫొటో తీయదు. రెండు మూడు సెకన్లలో చాలా తీసి, వాటిని కలిపి ఒకటి చేస్తుంది. అందుకని అది పూర్తయ్యేదాకా కదలకూడదు. మనవాళ్ళు నొక్కగానే చెయ్యి దించేస్తారు, అక్కడే చెడిపోతుంది. దీపం కనబడేచోట తెరమీద దీపంమీద వేలుపెట్టి, వెలుగు కొద్దిగా తగ్గించుకుంటే మంట తెల్లగా పేలిపోకుండా మంటలాగే వస్తుంది. మెదకు చర్చిలో రంగుటద్దాల కిటికీలకు కూడా ఇదే సూత్రం. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన చర్చి అది, క్రీస్తు కథ చెప్పే ఆ అద్దాలు బయట సూర్యుడున్నంతసేపే వెలుగుతాయి. కిటికీకి తగినట్టు పెట్టుకుంటే అద్దం వస్తుంది, గోడ నల్లబడుతుంది. గోడకు తగినట్టు పెడితే అద్దం మాయమవుతుంది. రెండూ కావాలనుకోకండి. అక్కడా ముందు అడగండి, ప్రార్థన జరుగుతుంటే కెమెరా సంచిలోనే. మసీదులో నమాజు వేళకూ అంతే.

లేపాక్షిలో కష్టం ఇంకో రకం. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన ఆ మండపంలో బొమ్మలన్నీ తలపైన, కప్పుకు ఉన్నాయి. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం చూడాలంటే మెడ విరిగేలా ఎత్తాలి. తలెత్తి, చేతులెత్తి తీస్తే మనలాంటివాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. నేను అక్కడ కాపలా మనిషిని అడిగి, జనం నడవని చోట నేలమీద తువ్వాలు మడిచి, దానిమీద ఫోనును తెర పైకి వచ్చేలా పడుకోబెట్టాను. పిల్లలు సొంత మొహాలు తీసుకునే ముందు కెమెరా అప్పుడు కప్పును చూస్తుంది. పది సెకన్ల టైమరు పెట్టి పక్కకు జరిగాను. నా జీవితంలో కప్పు బొమ్మలు అంత నిలకడగా ఎప్పుడూ రాలేదు. ఆ కాపలా అబ్బాయి కూడా వంగి చూసి, ఈ చీరల అంచులు ఇన్ని రకాలున్నాయని నాకు తెలియదండి అన్నాడు.

ఉండవల్లిలో పై అంతస్తు చీకట్లో పదిహేను అడుగులకు పైగా పొడుగున్న అనంతపద్మనాభుడు పడుకొని ఉంటాడు. మనిషి పొడుగునా ఒకే ఫొటోలో పట్టాలని అందరూ వెడల్పు కెమెరాతో తంటాలు పడతారు. స్తంభాలు వంగిపోతాయి, దేవుడు చేపలాగా వస్తాడు. గుమ్మంలోంచి వచ్చే వెలుగు ఎంతవరకు పడుతుందో చూసి, అంతవరకే తీస్తే మేలు. దూరం నుంచి ఫోనులో బొమ్మను పెంచుకోవడం కంటే రెండడుగులు నడవడం మంచిది.

ఇంత అవస్థ ఎందుకు, బయట కొట్లో మంచి ఫొటోలు అమ్ముతారు గదా అని మా బావమరిది అడుగుతుంటాడు. అమ్మేది దేవుడి ఫొటో. స్తంభం ఫొటో ఎవరూ అమ్మరు, పల్లెటూరి గుడి ఫొటో అసలే అమ్మరు. అందుకే ఈ సంగతి మీ దగ్గర ఎత్తాను.

అమరావతి స్తూపం కథ వినే ఉంటారు. రాళ్ళు ఊళ్ళో కట్టడాలకు పోయాయి, కొన్ని సున్నపు బట్టీలో కాలాయి. 1816 ప్రాంతంలో మెకంజీ దొర తన మనుషులతో వచ్చి ఉన్నవాటిని కాగితంమీద గీయించాడు. ఆ బొమ్మల్లో కనబడే రాళ్ళు కొన్ని ఇవాళ ఏ మ్యూజియంలోనూ లేవు. మిగిలింది గీసిన గీతే. తర్వాత మద్రాసు చేరిన రాళ్ళను 1858లో ట్రైప్ అనే సైనికాధికారి ఫొటోలు తీశాడు. ఆయనే మధుర, తంజావూరు గుళ్ళనూ తీశాడు. బల్లంత కెమెరా, స్టాండు, కాగితపు నెగెటివులు, చీకటి మండపంలో చాలాసేపు మూత తీసి ఉంచాలి. మన ఫోను చూస్తే ఆయన ఏడుస్తాడు.

అది పాతకాలం అంటారా. శ్రీకాళహస్తి రాజగోపురం 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించింది, 2010 మే 26 రాత్రి కూలిపోయింది. కొత్త గోపురం కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. కొత్తది దిట్టంగానే ఉంది. కాని పాత గోపురం మీద ఏ అంతస్తులో ఏ బొమ్మ ఉండేదో తెలియాలంటే అంతకు ముందు యాత్రకు పోయినవాళ్ళు తీసుకున్న ఫొటోలూ దారి చూపుతాయి. ఆ ఫొటోల్లో ముందు వరసలో పెళ్ళాం పిల్లలు నిలబడి ఉంటారు, వెనక ఐదువందల ఏళ్ళు నిలబడి ఉంటాయి.

మన చుట్టుపక్కలే ఒకటి చెబుతాను, ఊరి పేరు అడగకండి. ఒక పల్లెలో పాత శివాలయం. 1986లో ఉద్యోగరీత్యా ఆ ఊరు వెళ్ళినప్పుడు మధ్యాహ్నం ఖాళీ దొరికి గుడికి వెళ్ళాను. ముఖమండపంలో ఎడమవైపు స్తంభం మీద సున్నం పొరల కింద అక్షరాలు కనబడ్డాయి. పూజారిగారు ఇంటినుంచి దీపం పట్టుకొచ్చారు. ఎదురుగా వెలుగు పెడితే ఏమీ తెలియలేదు. ఆయన్ను దీపం తీసుకొని స్తంభం పక్కకు పొమ్మన్నాను. పక్కనుంచి వెలుగు పడేసరికి అక్షరాల గుంటల్లో నీడ నిలిచి, చదవగలిగేంతగా లేచాయి. రెండోవైపు నా కండువా పరిచి పట్టుకుంటే ఆ తెలుపు నీడల్ని కొంచెం మెత్తబరిచింది. పసుపు దీపం వెలుగుతూనే ఉంది. స్తంభానికి ఆని నాలుగు ఫొటోలు తీశాను. సుద్దగాని పిండిగాని అక్షరాల్లో రుద్దలేదు, మీరూ రుద్దకండి. రాయి చెడిపోతుంది, తప్పుగా రుద్దితే తప్పే చదువుతారు.

తర్వాత ఆ గుడికి జీర్ణోద్ధరణ జరిగింది. చందాలిచ్చినవాళ్ళూ, చేయించినవాళ్ళూ అందరూ భక్తులే, వాళ్ళను ఒక్క మాట అనను. నేలకు టైల్సు, స్తంభాలకు రంగు, కప్పు ఒరిగిందని ముఖమండపం తీసేసి కొత్తగా సిమెంటు మండపం. ఆ స్తంభం ఏమయిందని అడిగితే ఒకరు చెరువు గట్టున ఉందన్నారు, ఒకరు పునాదిలో వేశారన్నారు. నేను చెరువు గట్టంతా తిరిగాను, కనబడలేదు. నా నాలుగు ఫొటోల్లో రెండు బాగున్నాయి. రిటైరైన తెలుగు లెక్చరరు మిత్రులొకరు భూతద్దం పెట్టి పదిరోజులు కూర్చున్నారు. తొమ్మిది వరసల్లో ఆరు తేలాయి. ఎవరో గృహస్థు తన తల్లి పుణ్యానికి ఆ గుడిలో అఖండ దీపం కోసం గొర్రెలను ఇచ్చాడు. వాటిని మేపి రోజూ నెయ్యి తెచ్చి పోసే బాధ్యత తీసుకున్న బోయ పేరు ఆరో వరసలో ఉంది. ఇచ్చినవాడి పేరు ఉన్నచోట పెచ్చు లేచిపోయింది. నెయ్యి పోసినవాడి పేరు మాత్రం దక్కింది. మా గుమాస్తాల జాతికి ఇది కొంత సంతోషమే.

చివరగా రాత పని. ఫొటో తీసినంత మాత్రాన రికార్డు కాదు, తేదీ లేని కాగితం లాంటిదే. ఊరు, గుడి, ఏ మండపం, ఏ వైపు స్తంభం, తూర్పు ముఖమా పడమర ముఖమా, తేదీ, ఎవరి అనుమతితో తీశారు, ఇవన్నీ రాయాలి. అచ్చు వేయించిన ఫొటో వెనక మెత్తని పెన్సిలుతో రాయండి. బాల్‌పాయింటు పెన్నుతో రాస్తే నొక్కు ముందువైపుకు తేలుతుంది. మొదట దూరం నుంచి మండపం అంతా ఒకటి, తర్వాత స్తంభం ఒకటి, ఆ తర్వాత దగ్గరగా. పక్కన ఒక అగ్గిపెట్టో ఆరంగుళాల స్కేలో పెడితే కొలత తెలుస్తుంది. అన్నీ ఫోనులోనే ఉంచుకుంటే ఒకరోజు ఎవడో తుడిచేస్తాడు, ఆ అనుభవం మనవాళ్ళకు అయ్యే ఉంది. మంచివి ఏరి అచ్చు వేయించండి, మిగతావి పిల్లల చేత కంప్యూటరులో వేయించండి. భక్తుల మొహాలు, కోనేట్లో స్నానం చేసే ఆడవాళ్ళు ఫొటోలో పడితే అక్కడే తీసేయండి.

కార్యదర్శిగారు బీరువాలో ఒక అర ఖాళీ చేయిస్తామన్నారు. మీ ఇళ్ళల్లో పెళ్ళి ఆల్బములు, తిరునాళ్ళ ఫొటోలు తిరగెయ్యండి. వెనక గుడి కనబడుతుంటే, ఆ గుడికి తర్వాత మరమ్మతు జరిగి ఉంటే, అది పట్టుకురండి. మావాడు అక్కడికక్కడే నకలు తీసి అసలు మీకు ఇచ్చేస్తాడు. వచ్చే నెల రెండో ఆదివారం పదింటికి నేను ఇక్కడే ఉంటాను, భూతద్దం నాది తెస్తాను. పెన్సిళ్ళు సంఘం ఖాతాలో కొనాలని అధ్యక్షులవారికి మనవి.